పద్యం పగలకుండా పట్టుకుందాం

మైకు సరిగ్గా పలకడం లేదని గొడవపడేవాళ్ళను చాలామందిని చూశాను. మరీ ఎక్కువ పలుకుతోందని గొడవపడేవాళ్ళు మా నూజివీడు ప్రాంతంలో పెద్దగా కనిపించరు. పందిట్లో బాక్సులు దద్దరిల్లితే మైక్‌సెట్ కుర్రాడికి మంచి పేరొస్తుంది. ఆ మోతలో కృష్ణ రాయబారం నాటకంలో పద్యం చివర తీసిన రాగం బరబరమని చీలిపోయినా ఎవరూ పట్టించుకోరు. మర్నాటికి ఆ రికార్డింగు ఫోన్లలో తిరుగుతుంది. కొన్నేళ్ళకు ఆ కళాకారుడు లేకుండా పోతే, ఆయన గొంతుకు ఆ చీలిన రాగమే ఆనవాలుగా మిగులుతుంది. నా బాధంతా అక్కడే ఉంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. హెచ్చు శబ్దాన్ని అది పుట్టినచోటే తగ్గించాలి. మైకులో తగ్గించాలి, కుదరకపోతే మైకు వైరు మిక్సర్‌లోకి దూరేలోపు తగ్గించాలి. అది దాటాక ఫేడర్ ఎంత కిందికి లాగినా, ఆంప్లిఫయర్ వాల్యూమ్ ఎంత తగ్గించినా పగిలిన శబ్దం పగిలినట్టే ఉంటుంది. కాకపోతే చిన్నగా పగులుతుంది. చెరువు తూము దగ్గర ఆపవలసిన నీటిని ఆఖరి మడి గట్టు మీద నిలబడి ఆపలేం కదా.

నేను వాల్వు రేడియోల కాలంలో పని నేర్చుకున్న మెకానిక్‌ని. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు మూలపడ్డాక కొట్టు మూసి మా మామిడి తోట చూసుకుంటున్నాను. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారైన వాల్వులు కొన్ని అట్టపెట్టెల్లో ఇంకా భద్రంగా ఉన్నాయి. రసాలు, బంగినపల్లి కోతలు ముగిశాక మళ్ళీ పూత పట్టే పుష్యమాసం దాకా చేతికి కాస్త తీరిక. ఆ తీరికలో వాల్వు మైకులు చేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ పద్యాల వాళ్ళనూ, హరిదాసులనూ, వీణ వాయించేవాళ్ళనూ తోటలోని పాకకు పిలిచి రికార్డు చేస్తుంటాను. వాల్వులో ఏదో మహత్తు ఉందని నేను చెప్పను. నా చేతికి తెలిసిన పని అది, దాని గుణదోషాలు నాకు తెలుసు. హెచ్చు శబ్దం సంగతి వాల్వు మైకులో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు, ఎందుకంటే అది అందులో ముదిరిపోయి ఉంటుంది.

ఈ మైకు కొత్త వస్తువేమీ కాదు. బెర్లిన్‌లోని నాయ్‌మన్ కంపెనీ యు 47 అనే వాల్వు మైకును 1949లో తెచ్చింది. వియన్నాలోని ఏకేజీ వాళ్ళ సి 12 వచ్చింది 1953లో. అన్నిటికీ మూలం ఒకటే. బంగారు పూత పూసిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని వెనక వెంట్రుకవాసి సందులో ఒక ఇత్తడి పలక. ఈ రెండింటి మధ్య దాదాపు 60 వోల్టులు నిలబెడతారు. గొంతు తగిలి పొర కదిలితే ఆ కదలిక విద్యుత్తుగా మారుతుంది. కానీ ఆ విద్యుత్తు ఎంత నీరసమైనదంటే జానెడు వైరును కూడా మోయలేదు. అందుకని పొర పక్కనే వాల్వు పెట్టి దానికి బలం ఇస్తారు. చివర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, పొడవాటి వైరులో ప్రయాణానికి తగ్గట్టు వోల్టేజిని దించుతారు.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. కచేరీల్లో చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకు 94 డెసిబెళ్ళ శబ్దానికి సుమారు 2 మిల్లీవోల్టులు ఇస్తుంది. అదే శబ్దానికి వాల్వు మైకు 20 మిల్లీవోల్టులు ఇవ్వడం మామూలే. అంటే పదింతలు, మా మెకానిక్కుల లెక్కలో 20 డెసిబెళ్ళు. నాటకాల గొంతు మైకుకు జానెడు దూరంలో పైస్థాయి అందుకుంటే 114 డెసిబెళ్ళ దాకా పోతుంది. అప్పుడు వాల్వు మైకు నుంచి వచ్చేది 200 మిల్లీవోల్టులు. దగ్గర పెట్టిన డోలు మీద గట్టి దెబ్బ పడితే వోల్టు దాకా కూడా పోవచ్చు. కొద్దిపాటి మిల్లీవోల్టుల కోసం తయారైన చిన్న మిక్సర్ ఆ తాకిడికి తట్టుకోలేదు. గెయిన్ నాబ్ పూర్తిగా తగ్గించినా ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది.

ఇంట్లో చేసుకున్న మైకుల్లో ఈ హెచ్చు ఇంకా ముదురుతుంది. దానికి ముఖ్యమైన కారణం వాల్వు ఎంపిక. రేడియో మెకానిక్ దగ్గర సులువుగా దొరికేది ఈసీసీ 83. దాని వృద్ధి గుణకం 100. ఆంప్లిఫయర్‌లో అది బంగారం లాంటి వాల్వు, మైకులో మాత్రం అవసరానికి మించిన బలం. దాని తోబుట్టువు ఈసీసీ 82కి ఆ గుణకం 20కి లోపే. రెండింటికీ బేస్ ఒకటే, పిన్నులు ఒకటే. నాయ్‌మన్ వాళ్ళు 1960లో తెచ్చిన యు 67లో ఈఎఫ్ 86 వాల్వును ట్రయోడ్‌గా కలిపి వాడారు, అలా కలిపితే దాని బలం తగ్గుతుంది. రెండో కారణం ట్రాన్స్‌ఫార్మర్. పది చుట్లకు ఒక చుట్టు లెక్కన దించే మైకు ట్రాన్స్‌ఫార్మర్ మన బజార్లో దొరకదు. దొరికినదాన్ని తెచ్చి బిగిస్తే, అది వోల్టేజిని దించవలసినంత దించదు.

మందు వేసేముందు రోగం ఎక్కడుందో చూడాలి. శబ్దం పగులుతున్నప్పుడు మిక్సర్ మీద ఎర్రదీపం వెలుగుతుంటే మిక్సర్ ఇన్‌పుట్ పొంగిపోతున్నట్టు. దీపం వెలగకుండానే పద్యం చీలుతుంటే మైకు లోపలి వాల్వే పొంగిపోతున్నట్టు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు. ఈ తేడా చూడకుండా మైకు పనికిరాదని పక్కన పడేసినవాళ్ళు ఉన్నారు, కొత్త మిక్సర్‌కి డబ్బు తగలేసినవాళ్ళూ ఉన్నారు.

మిక్సర్ జబ్బుకు మందు చాలా చవక. దాన్ని ప్యాడ్ అంటారు. మైకు వైరులోని రెండు సిగ్నల్ తీగలకూ చెరో 680 ఓమ్‌ల రెసిస్టెన్స్ వరుసగా వేసి, మిక్సర్ వైపున ఆ రెండు తీగల మధ్య 180 ఓమ్‌లది అడ్డంగా టంకం పెడితే దాదాపు 20 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఇదంతా ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ లోపలే ఇమిడిపోతుంది. మూడు రెసిస్టెన్సుల ఖరీదు ఒక టీ ఖర్చంత కూడా ఉండదు. మైకు మీద పడే విద్యుత్ భారం ప్యాడ్ లేనప్పుడు ఉన్నంతే ఉంటుంది కాబట్టి గొంతులో మార్పు రాదు. ఇంత చిన్న పని మన ఊళ్ళ మైక్‌సెట్లలో ఎందుకు అలవాటు కాలేదో నాకు అర్థం కాదు. మైకు పెట్టెలో అలాంటి కనెక్టర్ ఒకటి ఎప్పుడూ ఉండి తీరాలి.

వాల్వు జబ్బు అయితే మైకు విప్పాలి. విప్పేముందు ఒక హెచ్చరిక. వాల్వు మైకు పవర్ సప్లయ్‌లో వంద వోల్టుల నుంచి రెండు వందల యాభై దాకా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకినా కండెన్సర్లలో అది నిలవ ఉంటుంది. మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. నిలవ కరెంటు దానంతటదే దిగిపోయేలా కండెన్సర్ మీద ఒక రెసిస్టెన్స్ శాశ్వతంగా ఉండాలి. మైకు లోహపు ఒంటికి ఎర్త్ లేకుండా దాన్ని ఏ కళాకారుడి ముందూ నిలబెట్టకూడదు. ఈ జాగ్రత్తలు ఒంటబట్టనివారు లోపలి పని తెలిసినవాళ్ళకే వదిలెయ్యాలి.

లోపల తగ్గించడానికి దారులు చాలా ఉన్నాయి. ఈసీసీ 83 తీసి 82 పెట్టి బయాస్ సరిచూసుకోవడం ఒకటి. వాల్వు కాథోడ్ మీద ఉన్న కండెన్సర్ తీసేస్తే ఇంకొంత దిగుతుంది. పొర మీద నిలబెట్టిన 60 వోల్టులను 30కి దించితే సరిగ్గా 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. యు 47 చేసినవాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ రెండో వైపు చుట్టను రెండు ముక్కలుగా పెట్టారు. వరుసగా కలిపితే 200 ఓమ్‌లు, పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు. రెండో పద్ధతిలో 6 డెసిబెళ్ళు తక్కువ వస్తుంది. మైకు ఎక్కువ పలుకుతుందని ఆ ఇంజనీర్లకు ముందే తెలుసు. తగ్గించే దారి వాళ్ళే పెట్టి ఇచ్చారు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ దారి వాల్వు దాటాక ఉన్నది కాబట్టి మిక్సర్ జబ్బుకే పనికొస్తుంది, వాల్వు జబ్బుకు కాదు.

నాకు బాగా నచ్చిన దారి పొర పక్కన చిన్న కండెన్సర్ వేయడం. పొర కెపాసిటీ, దాని చుట్టూ ఉన్న తీగలది కలిపి 70 పికోఫారడ్లు అనుకుంటే, అంతే విలువ గల కండెన్సర్ జంటగా కలిపితే సిగ్నల్ సగమవుతుంది. 150 పికోఫారడ్లు కలిపితే 10 డెసిబెళ్ళు తగ్గుతుంది. వాల్వుకు చేరకముందే తగ్గుతుంది కాబట్టి వాల్వు పొంగదు. నాయ్‌మన్ వాళ్ళే 1967లో తెచ్చిన యు 87కి వెనకవైపు 10 డెసిబెళ్ళ స్విచ్ ఉంటుంది. నేను పెట్టుకునేదీ అలాంటి స్విచ్చే.

అయితే ఆ చోటు చాలా సున్నితమైనది. అక్కడ వందల మెగాఓమ్‌ల రెసిస్టెన్సులు ఉంటాయి. వేలి చెమట అంటినా కరెంటు దారి చూసుకుని లీకవుతుంది. మా ప్రాంతంలో ముసురు పట్టిన రోజుల్లో బాగున్న మైకు కూడా టపటపమని చిటపటలాడుతుంది. అందుకే అక్కడ మైకా కండెన్సర్ గానీ పాలిస్టైరిన్‌ది గానీ వాడాలి. టంకం పెట్టాక శుభ్రమైన స్పిరిట్‌తో తుడిచి, ఆరాక మళ్ళీ వేలు తగలకుండా మూత బిగించాలి. మైకు పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉండాలి. వర్షాకాలంలో రికార్డింగుకు చాలా ముందుగానే పవర్ వేసి ఉంచితే వాల్వు వేడికి లోపలి చెమ్మ కొంత ఆరుతుంది. పరాయి దేశాల పుస్తకాల్లో ఈ చెమ్మ గురించి ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. శ్రావణ భాద్రపదాల్లో ఇక్కడ పనిచేసేవారికి మాత్రం సగం పని అదే.

స్విచ్ ఎందుకు, శాశ్వతంగా తగ్గించేస్తే పోదా అని అడిగిన కుర్రాళ్ళున్నారు. దానికి సమాధానం మా ఊళ్ళోనే ఉంది. నూజివీడుకు మామిడితో పాటు వీణ పేరు కూడా ఉంది. ఇక్కడ పనస కర్రతో వీణలు చేస్తారు. 24 మెట్లను మైనంతో మేళం కట్టి, ఒక్కో మెట్టునూ చెవితో సరిచూసి కూర్చే పని అది. వీణ గొంతు చిన్నది. మీటు వేశాక తీగ మీద సాగే గమకం చివరకొచ్చేసరికి మరీ చిన్నదవుతుంది. పొర దగ్గర 10 డెసిబెళ్ళు తగ్గించామంటే వాల్వు సొంత సొద మాత్రం తగ్గకుండా అలాగే ఉండిపోతుంది, గమకం తోక ఆ సొదలో కలిసిపోతుంది. పద్యానికి తగ్గించాలి, వీణకు తగ్గించకూడదు. ఒకే మైకు ఇద్దరి ముందూ నిలబడాలంటే స్విచ్ తప్పదు. వీణకు అతికించే పికప్‌తోనే చాలా కచేరీలు నడిచిపోతున్న ఈ రోజుల్లో, పనస కుండ నుంచి గాలిలోకి వచ్చే అసలు నాదం ఎలా ఉంటుందో రికార్డుల్లో కూడా వినిపించకపోతే ఆ వీణ చేసినవాడి పనితనం ఎవరికి తెలుస్తుంది?

పద్యాల వాళ్ళ గొంతు సంగతి వేరు. మైకు లేని కాలంలో పెరిగిన పద్ధతి అది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు పందిరి చివర నేల మీద కూర్చున్నవాడికి మాట మాటగా వినపడాలి, ఆ పైన రాగం తీయాలి. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయ రాజు వంటి మహానుభావుల దారిలో నడిచినవాళ్ళు ఇవాళ్టికీ గొంతు దాచుకుని పాడరు. మా పాకలో పాడడానికి వచ్చిన ఒక కృష్ణ వేషధారిని, “మాస్టారూ, రాగం పైకి వెళ్ళేటప్పుడు కాస్త వెనక్కి జరుగుతారా?” అని అడిగాను. “జరుగుతాను గాని నాయనా, గొంతు మాత్రం తగ్గించమనకు. తగ్గిస్తే అది పద్యం కాదు, చదువుడు” అన్నారాయన. ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. గొంతు తగ్గించుకోవలసింది కళాకారుడు కాదు, మైకు. ఆయన జానెడు నుంచి రెండు జానలకు జరిగితే 6 డెసిబెళ్ళు దిగుతుంది. మిగిలింది స్విచ్చూ ప్యాడూ చూసుకోవాలి. మైకుకు భయపడి ముడుచుకున్న గొంతు రికార్డు చేసి ప్రయోజనం లేదు.

1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. అక్కడ స్టూడియోలో ఇంజనీరు కళ్ళు మీటరు ముల్లు మీదే ఉండేవి. గొంతుకు తగ్గట్టు ముందే లెవెల్ చూసుకోవడం రేడియో మనకు నేర్పిన మర్యాద. పందిళ్ళకు, ఫోన్లకు వచ్చేసరికి ఆ మర్యాద పోయింది. ఇప్పుడు రికార్డర్లలో 24 బిట్ల సౌకర్యం ఉంది. ముల్లు సున్నాకు 12 డెసిబెళ్ళ కింద ఆగేలా పెట్టుకున్నా నాణ్యత ఏమీ పోదు. తక్కువలో పట్టుకున్నదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి నరుక్కుపోయినదాన్ని ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. పోయిన భాగాన్ని ఊహించి అతికించే సాఫ్ట్‌వేర్లున్నాయి గాని, ఆ అతుకు గాయకుడు పాడింది కాదు.

ఈ విషయానికి ఊరి శాంతితో కూడా సంబంధం ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాత్రి 12 దాకా అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఆ కొద్ది రాత్రుల్లో కొన్ని పద్యనాటకానికి దక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను. కానీ పగిలిన శబ్దంతో చెవులు గాయపరుస్తూ ఆ అనుమతి అడగడానికి మనకు నోరు రాదు. అదే మీటరు రీడింగు దగ్గర కూడా పగిలిన శబ్దం శుభ్రమైన శబ్దం కన్నా కర్కశంగా ఉంటుంది. పరీక్షలకు చదువుకునే పిల్లలకు, మంచం పట్టిన ముసలివాళ్ళకు అది నరకం. శుభ్రంగా పలికే మైకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే పద్యం మాట మాటగా అందుతుంది. మాట అందకపోవడం వల్లే మనవాళ్ళు వాల్యూమ్ పెంచమంటారు. పెంచినకొద్దీ ఇంకా అందదు.

ఇందులో తప్పంతా మైక్‌సెట్ కుర్రాళ్ళదే అంటే నేను ఒప్పుకోను. రాత్రంతా నిలబడి పనిచేసేవాడికి పని నేర్పినవారు లేరు. “సౌండు పెంచవయ్యా” అని అరిచే కమిటీ పెద్దలున్నారు గాని, “పద్యం పగులుతోంది, చూడు” అని చెప్పే పెద్ద ఒక్కడూ లేడు. డబ్బిచ్చేవాడు ఏది అడిగితే అదే దొరుకుతుంది.

అందుకని నాటక సమాజాల వారికి, దేవాలయ ఉత్సవ కమిటీల వారికి నా విన్నపం. నాటకం మొదలుకాకముందు మీ కళాకారుల్లో అందరికన్నా పెద్ద గొంతున్న ఆయన్ని పిలిచి, పైస్థాయి రాగం ఒకటి తీయించి, ఎర్రదీపం వెలగకుండా లెవెల్ పెట్టించండి. మైక్‌సెట్ మాట్లాడుకునేటప్పుడే ప్యాడ్ ఉందా అని అడగండి. లేకపోతే చేయించి పెట్టండి. నూజివీడు ట్రిపుల్ ఐటీలో 2008 నుంచి పిల్లలు చదువుతున్నారు, అక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగం ఉంది. ఆ పిల్లలు ఒక సెలవు రోజు సాల్డరింగ్ ఐరన్లు పట్టుకుని కూర్చుంటే ఈ చుట్టుపక్కల మండలాల మైక్‌సెట్లన్నిటికీ సరిపడా ప్యాడ్లు తయారవుతాయి. ఎలా చేయాలో చూపించడానికి నేను వస్తాను, రెసిస్టెన్సులు కూడా నేనే తెస్తాను. వచ్చే శివరాత్రి నాటకాలకన్నా ముందే ఆ పని జరగాలి. రాయబారం పాడగలిగిన పెద్దలు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ గొంతు ఉన్నప్పుడే, ఉన్నది ఉన్నట్టుగా రికార్డు చేయండి.